తూము నీటితో తూముల తయారీ: విల్టన్‌లోని పాత మిల్లు కథ

తెలుగులో తూము అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చెరువు గట్టు కింద నుంచి నీళ్లు వదిలే దారి తూము. నాలుగు కుంచాల ధాన్యం కొలత కూడా తూమే. ఈ రెండు తూములూ ఒకే కప్పు కింద కలిసే చోటు ఒకటుంది. అది మన ఊళ్లలో కాదు, అమెరికా ఈశాన్య మూలన, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని విల్టన్ అనే చిన్న ఊళ్లో ఉంది. అక్కడ ఒక వాగుకు అడ్డకట్ట కట్టి, నిలిచిన నీటిని తూము గుండా వదిలి, ఆ బలంతో యంత్రాలు తిప్పి, ధాన్యం కొలిచే గుండ్రటి చెక్క పాత్రలు తయారుచేసేవారు. ఆ మిల్లు పేరు ఫ్రైస్ మెజర్ మిల్. మెజర్ అంటే కొలపాత్రే. మన లెక్కలో చెప్పాలంటే అది కుంచాల మిల్లు.

మిల్లు అనగానే మనకు రైస్ మిల్లో, పిండిమరో గుర్తొస్తుంది. న్యూ హాంప్‌షైర్ ఉన్న ఆ ఈశాన్య మూలను న్యూ ఇంగ్లండ్ అంటారు, అక్కడ ఆ మాట పరిధి పెద్దది. నీటి బలంతో నడిచే పనిశాల ఏదైనా మిల్లే. దుంగలు కోసేది, ఉన్ని దువ్వేది, నూలు వడికేది, కుర్చీ కాళ్లు తరిణ పట్టేది, అన్నీ మిల్లులే. విల్టన్‌లో డేనియల్ క్రాగిన్ అనే ఆయన 1858లో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. మొదట్లో చేసినవి కత్తులు పెట్టుకునే చెక్క ట్రేలు, బొమ్మలు. తర్వాత కొలపాత్రలూ పెట్టెలూ వచ్చాయి. 1909లో మిల్లు ఫ్రై కుటుంబం చేతికి వెళ్లింది. ఈనాటికీ ఉన్న పేరు వాళ్లదే. 1961లో మరో కుటుంబం కొనుక్కుంది. 1982లో అమెరికా ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. పాత మిల్లు భవనాలు ఆ దేశంలో చాలానే మిగిలాయి. వాటిలో ఎక్కువ భాగం అపార్టుమెంట్లుగానో, రెస్టారెంట్లుగానో మారిపోయాయి. ఇక్కడ భవనంతో పాటు లోపలి యంత్రాలు, నీటి ఏర్పాటు, చేసే పని కూడా మిగిలాయి. విశేషమంతా అందులోనే ఉంది.

ఇంతకీ కొలపాత్రల కోసం ప్రత్యేకంగా ఒక మిల్లు ఎందుకు? 19వ శతాబ్దపు అమెరికాలో గింజలు, పిండి, ఆపిల్ పళ్లు, బంగాళాదుంపలు, ఉప్పు, చివరికి బొగ్గు కూడా కొలిచే అమ్మేవారు. ప్రతి కొట్టుకూ, ప్రతి రైతుకూ పాత్రల వరస ఒకటి కావాలి. పెద్ద పాత్ర బుషెల్. అందులో నాలుగో వంతు పెక్. పెక్‌కు ఎనిమిది క్వార్టులు, క్వార్టుకు రెండు పింట్లు. అలవాటు లేని చెవికి ఇది గందరగోళంగా ఉంటుంది. కానీ దీని పక్కనే మన లెక్కను పెట్టి చూడండి. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. రెండు చోట్లా అంకెలు రెండు, నాలుగు లేదా ఎనిమిది. పది ఎక్కడా కనిపించదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదిది. కుప్పను కంటి అంచనాతో సగం చేయడం తేలిక, పది భాగాలు చేయడం కష్టం. పాత్ర సరైనదా కాదా అని తేల్చాలన్నా అంతే. చిన్నదానితో రెండుసార్లు పోస్తే పెద్దది నిండాలి. చదువుతో పని లేకుండా అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ చేయగల పరీక్ష అది.

బుషెల్ పాత్ర ఎలా ఉండాలో 1690ల్లోనే ఇంగ్లండ్ చట్టం చెప్పింది. గుండ్రంగా, అడుగు చదునుగా, 18½ అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు. ఘన అంగుళాల్లో 2150.42, మన లెక్కలో సుమారు 35 లీటర్లు. విచిత్రం ఏమిటంటే ఆ ఇంగ్లండే 1820ల్లో దాన్ని వదిలేసి ఇంకాస్త పెద్ద బుషెల్‌కు మారింది. అమెరికా మాత్రం 1836లో పాతదాన్నే తన ప్రమాణంగా ఖాయం చేసుకుంది. ఎన్ని ఘన అంగుళాలో చెప్పి ఊరుకోకుండా వెడల్పు, లోతు కూడా చట్టం ఎందుకు చెప్పాలి? కొలిచి అమ్మే చోట మోసం ఎక్కడ దాక్కుంటుందో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తలకొట్టి, అంటే అంచు దాకా చదును చేసి కొలిస్తే పాత్ర ఆకారంతో పెద్ద తేడా రాదు. ఆపిల్, బంగాళాదుంప లాంటివాటిని కుప్పగా పోసి అమ్ముతారు కదా, వెడల్పాటి మూతి ఉంటే కుప్ప పెరుగుతుంది, ఇరుకైతే తగ్గుతుంది. అందుకే అమెరికాలో కుప్ప బుషెల్‌కు వేరే లెక్కే ఉండేది. అది తలకొట్టిన దానికన్నా పావు వంతుకు పైగా ఎక్కువ. మన సంతల్లో కొలిచే మనిషి చేతివాటం మీద నడిచిన గొడవలన్నీ అక్కడా నడిచాయన్నమాట.

ఇక పనితనం సంగతి. బుషెల్ పాత్ర వ్యాసంలో అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్లు ఎక్కువైతే దాదాపు అర లీటరు తేడా వస్తుంది. పాత్రకు అర లీటరు చొప్పున ఏడాదంతా అమ్మితే ఎవరో ఒకరు మునుగుతారు. అందుకే ఊరూరా కొలతలు తనిఖీ చేసి ముద్ర వేసే అధికారి ఉండేవాడు. చెక్క చూస్తే వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. అలాంటి వస్తువుతో నమ్మకమైన కొలత ఎలా సాధ్యం?

ఈ మిల్లు పని మొత్తంలో బాగా ఆలోచింపజేసే విషయం ఇదే. చెక్క అన్ని వైపులా ఒకేలా కదలదు. నార పొడవునా దాని మార్పు దాదాపు సున్నా. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి ఆ దిశలో నూటికి 0.1 నుంచి 0.2 వరకే తగ్గుతుంది. నారకు అడ్డంగా మాత్రం నూటికి ఐదు నుంచి పది దాకా పోవచ్చు. పాత్ర చుట్టూ వంచిన పట్టీలో నార చుట్టుకొలత వెంబడే తిరుగుతుంది. కాబట్టి కాలం ఏదైనా చుట్టుకొలత మారదు, వ్యాసమూ మారదు. ఎత్తు ఒక్కటే కాస్త అటూ ఇటూ అవుతుంది. కొలతలో వ్యాసం తప్పు వర్గం లెక్కన పెరుగుతుంది, ఎత్తు తప్పు ఉన్నంతే ఉంటుంది. ఎక్కువ నష్టం చేసే దిశలో చెక్క కదలకుండా, తక్కువ నష్టం చేసే దిశలో కదిలేలా పాత్ర తయారైందన్నమాట. ఎవరో కూర్చుని లెక్కగట్టి ఇలా చేశారని కాదు. పట్టీ విరగకుండా వంగాలంటే నార పొడవునే వంచాలి, వేరే దారి లేదు. ఆ తప్పనిసరే కొలతకూ మేలు చేసింది.

పట్టీ వంచే పద్ధతి చెప్పుకోవడానికి తేలిక, చేయడానికి కాదు. మేపుల్ లాంటి గట్టి చెక్కను సన్నటి పలకగా కోస్తారు. చిన్న పెట్టెలకైతే మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాన్ని వేడినీళ్లలోనో ఆవిరిలోనో నాననిస్తారు. చెక్కలో నారలను అతికించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఆ తడి వేడికి మెత్తబడుతుంది. బయటికి తీశాక చేతిలో ఉండే సమయం కొద్ది క్షణాలే. చప్పున అచ్చు చుట్టూ తిప్పి, కొనలు ఒకదాని మీద ఒకటి తెచ్చి, రాగి చీలలు కొట్టాలి. లోపల ఇనుప దిమ్మ ఉంటుంది. చీల మొన దానికి తగిలి వెనక్కి మడుచుకుని చెక్కను పట్టేస్తుంది. ఇనుప చీలలు వాడితే తుప్పు పట్టి చెక్క మీద నల్లటి మరకలు తేలతాయి. రాగికి ఆ బాధ లేదు. తర్వాత పట్టీని ఆకారం చెడకుండా అచ్చు మీదే ఆరనివ్వాలి. ఆరిన తర్వాతే అడుగు బిల్ల అమరుస్తారు. అడుగుకూ మూతకూ పైన్ చెక్క వాడతారు. పట్టీ కదలదు కానీ బిల్ల కదులుతుంది కదా. అందుకే దుంగను నడుమ నుంచి అంచు వైపుగా చీల్చి కోసిన పలకలను ఎంచుకుంటారు. తెల్ల పైన్‌ను ఇలా కోస్తే వెడల్పులో వచ్చే తగ్గుదల మామూలు కోతలో వచ్చేదానికి దాదాపు మూడో వంతే. ఈ జాగ్రత్త తీసుకోని పెట్టెలు మొదటి చలికాలంలోనే అడుగు దగ్గర సందు చూపిస్తాయి.

మన ఏటికొప్పాక కుంకుమ భరిణెతో పోల్చి చూస్తే ఈ పద్ధతి ప్రత్యేకత తెలుస్తుంది. అంకుడు కర్ర ముక్కను తరిణ మీద తిప్పుతూ లోపల తొలిచి భరిణె చేస్తారు. పెట్టె ఎంత పెద్దదవ్వాలన్నది కర్ర లావును బట్టి ఉంటుంది, తొలిచిన చెక్కంతా పొట్టు కింద పోతుంది. వంచే పద్ధతిలో సన్నటి పలక ఒక్కటి చాలు. ఎంత పొడవు పలక దొరికితే అంత పెద్ద పాత్ర. వృథా తక్కువ, బరువూ తక్కువ. భరిణెకు లక్క రంగు మెరుపు ఉంది, దీనికది లేదు. దేని అందం దానిది.

ఇప్పుడు మొదటి తూము దగ్గరికి వద్దాం. నీటి బలం లెక్క సులువే. సెకనుకు ఎన్ని లీటర్లు పారుతోంది, ఎన్ని మీటర్ల ఎత్తు నుంచి దిగుతోంది, ఈ రెండూ గుణించి దాదాపు పదితో హెచ్చవేస్తే వాట్లలో శక్తి వస్తుంది. ఉదాహరణకు ఓ వాగు సెకనుకు 200 లీటర్ల చొప్పున నాలుగు మీటర్లు దిగుతుందనుకుందాం. అది 8 వేల వాట్లకు కాస్త తక్కువ. యంత్రంలో పోయేది పోగా 70 శాతం దక్కితే 5,500 వాట్లు, అంటే సుమారు ఏడున్నర హెచ్‌పీ. తెలుగు రైతుకు ఈ అంకె గురించి వేరే చెప్పనక్కర్లేదు. పొలంలో బోరు కింద పెట్టే మోటారు బలం అది. ఓ మోస్తరు వాగు పగలంతా ఒక బోరు మోటారంత పని చేస్తుంది. నాలుగైదు రంపాలు, చిత్రిక యంత్రాలు వంతులవారీగా నడపడానికి సరిపోతుంది. అన్నీ ఒకేసారి నడుపుదామంటే కుదరదు.

నీటి మిల్లు అనగానే బొమ్మల్లో కనిపించే పెద్ద చెక్క చక్రమే మనసులో మెదులుతుంది. న్యూ ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం గడిచేకొద్దీ ఆ చక్రాలు తగ్గి, నీళ్లలో మునిగి తిరిగే ఇనుప టర్బైన్లు వచ్చాయి. జేమ్స్ ఫ్రాన్సిస్ అనే ఇంజినీరు 1840ల చివర్లో మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో రూపొందించిన టర్బైన్ పేరు మన జలవిద్యుత్ కేంద్రాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. టర్బైన్ చిన్నది, వేగంగా తిరుగుతుంది. అక్కడి చలికి ఇంకో కారణం కూడా ఉంది. బయట తిరిగే చక్రం మీద మంచు గడ్డకట్టి ఆగిపోతుంది, నీటి అడుగున ఉన్నదానికి ఆ బెడద తక్కువ. విల్టన్ నీళ్లన్నీ సౌహీగన్ నదిలో కలుస్తాయి. ఆ నది మెరిమాక్‌లో కలుస్తుంది. లోవెల్ నూలు మిల్లుల్ని నడిపింది ఆ మెరిమాకే. పై ఊళ్లో కుంచాలు చేసిన నీరే కింది పట్నంలో బట్టలు నేసిందన్నమాట.

టర్బైన్ నుంచి బలం పైకి ఎలా వస్తుందో పాత రైస్ మిల్లు చూసినవాళ్లకు కళ్లకు కట్టినట్టు తెలుసు. ఆయిల్ ఇంజన్ ఒకటి ఒక మూలన డుబుడుబుమంటుంటే, కప్పు కింద పొడవాటి ఇనుప ఇరుసు తిరుగుతూ ఉంటుంది. దాని మీద వరసగా పుల్లీలు, వాటి నుంచి ఒక్కో యంత్రానికి వెడల్పాటి బెల్టు. ఇక్కడా అదే ఏర్పాటు, ఇంజన్ చోట వాగు ఉంది, అంతే. పనివాడు ఒక యంత్రాన్ని ఆపాలంటే బెల్టును పక్కనున్న ఖాళీ పుల్లీ మీదికి జరుపుతాడు. అది ఊరికే తిరుగుతుంది, యంత్రం ఆగుతుంది. రంపానికి ముడి కణుపు తగిలి బిగుసుకుంటే బెల్టు జారిపోతుంది, రంపం విరగదు. అలాగని వీటిలో ప్రమాదం లేదనుకోకూడదు. వదులు చొక్కా, విరబోసిన జుట్టు, ఒక్క క్షణం ఏమరుపాటు చాలు. కప్పు కింద నుంచి నేల దాకా పరుగెత్తే తోలు బెల్టుల మధ్య రోజంతా నిలబడిన మనుషుల కష్టం గురించి పర్యాటక కరపత్రాలు పెద్దగా మాట్లాడవు.

ఈ మిల్లు గురించి చెప్పేవాళ్లంతా చేతితో చేసిన పెట్టెలు అంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. దుంగ కోయడం, పలక మందం సరిచేయడం, బిల్ల గుండ్రంగా తీయడం యంత్రాల పని. వంచడం, చీలలు కొట్టడం, మూత సరిపోయిందో లేదో చూసి సవరించడం చేతి పని. 1858 నాటి మనిషిని అడిగితే ఇది ఆధునిక కర్మాగారమే అంటాడు. దాని ఉద్దేశమే ఒకేలాంటి పాత్రలు చవగ్గా, వేగంగా చేయడం. కాలం ముందుకెళ్లి, ప్లాస్టిక్ అచ్చుల యంత్రాలు వచ్చాక, వెనక్కి తిరిగి చూస్తే ఇది చేతిపనిలా కనిపిస్తోంది.

ఇదే గందరగోళం షేకర్ పెట్టెల విషయంలోనూ ఉంది. విల్టన్ మిల్లులో గుండ్రటి కొలపాత్రలతో పాటు కోడిగుడ్డు ఆకారపు పెట్టెలు కూడా చేస్తూ వచ్చారు. వాటి రూపం షేకర్లది. షేకర్లు 1774లో ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చిన ఒక క్రైస్తవ శాఖ. పెళ్లి చేసుకోరు, ఆస్తి ఉమ్మడి, చేసే పనే ప్రార్థన. పట్టీ కొనను వేళ్లలా చీల్చి, ఒక్కో వేలు కొనన రాగి చీల కొట్టిన వాళ్ల పెట్టెలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ వేళ్లు అలంకారం కోసం కాదు. అతుకు దగ్గర పట్టీ రెండు పొరలవుతుంది. వెడల్పంతా ఒకే కొనగా బిగిస్తే ఎత్తులో వచ్చే ఉబ్బుకు చెక్క నెర్రె ఇస్తుంది. వేళ్లుగా చీలిస్తే ఒక్కో వేలూ దాని కదలిక అది సర్దుకుంటుంది. షేకర్లు యంత్రాలంటే మొహం తిప్పుకున్నవాళ్లని చాలామంది అనుకుంటారు. కానీ అదే న్యూ హాంప్‌షైర్‌లోని కాంటర్‌బరీ షేకర్ గ్రామంలో మిల్లుల కోసం వరసగా చెరువులే తవ్వించుకున్నారు. మెయిన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్ గ్రామంలో డెల్మర్ విల్సన్ అనే షేకర్ 1922-23 చలికాలం ఒక్కదానిలో పిడి ఉన్న పెట్టెలు 1,083 చేశాడు. ఊరికే ఉలీ సుత్తీ పట్టుకుని అంత పని సాగదు. ఆ శాఖలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. విల్టన్ మిల్లు షేకర్లది కాదు, ఎన్నడూ కాలేదు. రూపం వాళ్లది, నీళ్లూ పనితనమూ వేరేవాళ్లవి.

కొలపాత్రల వ్యాపారాన్ని దెబ్బ కొట్టింది ప్లాస్టిక్ కాదు, అంతకుముందే వచ్చిన తూకం. గింజల వ్యాపారం రైళ్ల మీద దూరాలకు సాగాక, ఎంత కొలిచారన్నది కాకుండా ఎంత తూగిందన్నదే లెక్కయింది. బుషెల్ గోధుమ అంటే 60 పౌండ్లు, ఒలిచిన మొక్కజొన్న అయితే 56 పౌండ్లు, ఓట్స్ 32 పౌండ్లు. మాట బతికింది, పాత్ర పోయింది. షికాగో మార్కెట్లో ఈరోజుకీ మొక్కజొన్న ధర బుషెల్ లెక్కనే పలుకుతారు. ఆ బేరం చేసేవాళ్లలో బుషెల్ పాత్రను కళ్లతో చూసినవాళ్లు ఎందరుంటారు? మన దగ్గర 1956 చట్టంతో కిలోలూ లీటర్లూ వచ్చాయి. కుంచం కొట్టు లోంచి వెళ్లిపోయింది, కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు అనే సామెతలో మాత్రం మిగిలింది. కుంచం ఎంతుంటుందో తెలియని పిల్లలకు ఆ కూతురు ఎంతదో ఎలా అర్థమవుతుంది!

కుంచాలు కొనేవాళ్లు లేని కుంచాల మిల్లు మూతపడాలి. ఇది పడలేదు. పాతదంటే జనానికున్న మోజు ఒక్కటే అందుకు కారణం అనిపించదు. కట్ట, యంత్రాలు ఎప్పుడో పెట్టిన పెట్టుబడి. వాగు బిల్లు పంపదు. ఇక పలకను గుండ్రంగా వంచి చీలలు కొట్టడమనే విద్యకు, లోపల గోధుమలు పోస్తారా కుట్టుపని దారాలు పెడతారా అన్నదానితో నిమిత్తం లేదు. అంకె కోసం చేసిన పాత్రే అందం కోసం కొనే పెట్టె అయింది. బహుశా మరీ లాభసాటిగా సాగకపోవడం కూడా మేలే చేసింది. డబ్బు బాగా వచ్చిన మిల్లులు ఆవిరి ఇంజన్లు, తర్వాత కరెంటు మోటార్లు పెట్టుకుని, పెద్ద ఊళ్లకు తరలి, చివరికి పోటీలో చితికిపోయాయి.

అయితే వాగుకు అడ్డంగా ఉన్న ఏ పాత కట్టకూ ఇప్పుడు నిశ్చింత లేదు. కట్టలు చేపల రాకపోకలను ఆపేస్తాయి. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నది ఎక్కే చేపలకు న్యూ ఇంగ్లండ్ నదులు రెండు శతాబ్దాలుగా మెట్లు మెట్లుగా మూసుకుపోయి ఉన్నాయి. సౌహీగన్ నది మెరిమాక్‌లో కలిసే చోట ఉన్న పాత కట్టను 2008లో తీసేశారు. పనిలేని కట్టల్ని తీసేయడంలో తప్పు పట్టడానికేమీ లేదు. చేపకు వారసత్వ కట్టడాల జాబితాతో పని లేదు కదా. కానీ ఇలాంటి మిల్లులో కట్ట తీస్తే మిగిలేది కదలని యంత్రాలున్న గోదాము. ఈ తగువుకు అన్ని చోట్లా పనికొచ్చే ఒకే తీర్పు ఉండదు.

బోస్టన్, నాషువా చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి న్యూ హాంప్‌షైర్ కొండల వైపు వెళ్తుంటాయి. నాషువా నుంచి విల్టన్ కారులో గంట కూడా పట్టదు. లోపలికి వెళ్లే వీలు ఏ రోజుల్లో ఉందో ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. ఇది అసలు పని కోసం కట్టిన చోటు, పార్కు కాదు. పాత కొలపాత్ర గానీ కొత్త పెట్టె గానీ చేతికి వస్తే ముందు మూత తీసి లోపల అతుకు దగ్గర వేలితో తడమాలి. చీల మొన వెనక్కి మడుచుకుని చెక్కలో నున్నగా దిగిపోయి ఉంటే అది సరిగా దిమ్మ మీద కొట్టిన పని. వేలికి గుచ్చుకుంటే కాదు.